ఆకు, బెల్లం: క్యూబాలో పది రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసు తెరిస్తే బట్టలు ఇంకా పొగాకు వాసనే వేస్తున్నాయి. మా ఆవిడ ఉతకడానికి తీస్తానంటే ఇంకొక్క రోజు ఆగమన్నాను. ఆ వాసన ఉండగానే ఇదంతా రాసేయాలనిపించింది.

మాది గోదావరి లంక. వరద తీశాక మిగిలిన ఒండ్రులో పొగాకు వేసేవాళ్లం. ఏటిగట్టుకి ఇవతల చెరుకు. మా తాతయ్య సాయంత్రం పశువుల పాక ముందు నులకమంచం వాల్చుకుని తన చుట్ట తనే చుట్టుకునేవాడు. అది సగం కాలాక బుగ్గన చిన్న బెల్లం ముక్క పెట్టుకునేవాడు. ఎందుకు తాతా అంటే, "ఆకు ఘాటురా, దానికి తీపి తోడుండాలి" అనేవాడు. చాలా ఏళ్ల తర్వాత, క్యూబాలో సిగార్ పక్కన ఏళ్ల తరబడి పీపాల్లో నిలవ ఉన్న రమ్ము పెట్టుకుంటారని విన్నాను. రమ్ము చేసేది చెరుకు మడ్డితోనే కదా. అంటే అది తాతయ్య బెల్లం ముక్కే. ఆ మాట మనసులో పడ్డాక ఇక అక్కడికి వెళ్లకుండా ఉండలేకపోయాను. మా బావ (అక్క భర్త) వాళ్లదీ పొగాకు పండించిన ఇల్లే. ఇద్దరం రెండేళ్లు డబ్బు కూడబెట్టుకుని 2024 ఫిబ్రవరిలో బయల్దేరాం.

ఫిబ్రవరి 9, పాత హవానా

క్యూబాలో ముందు డబ్బు సంగతి తెలుసుకోవాలి. మేము వెళ్లినప్పుడు బ్యాంకులో డాలరుకి 120 పెసోలు ఇచ్చేవారు. బయట 300 దాకా పలికేది. మా కార్డులు ఒక్క చోట కూడా పని చేయలేదు. నగదుగా యూరోలు తీసుకెళ్లాం కాబట్టి గట్టెక్కాం. అక్కడ చాలామంది తమ ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు. అలాంటి ఇంటి గుమ్మం మీద నీలం గుర్తు ఉంటుంది. మా గది రోజుకి 25 యూరోలు. ఇంటావిడ అరవై దాటిన మనిషి. పొద్దున్నే చిట్టి కప్పులో చిక్కటి కాఫీ ఇచ్చేది. చక్కెర వేయాలా అని అడగడం ఉండదు, అది ముందే పడిపోయి ఉంటుంది.

వీధి చివర బ్రెడ్డు కొట్టు ముందు ముప్ఫై మంది చెల్లాచెదురుగా నిలబడి ఉన్నారు. లైను ఎక్కడుందో అర్థం కాలేదు. కొత్తగా వచ్చినవాళ్లు "ఉల్తిమో?" అని అడుగుతున్నారు. అంటే ఆఖరు ఎవరని. ఒకరు చెయ్యెత్తుతారు. ఆ మనిషి తర్వాత మన వంతు. ఇక నిలబడనక్కర్లేదు, వెళ్లి నీడన కూర్చోవచ్చు. మన దగ్గర యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నట్టే ఉంది. మేమూ ఉల్తిమో అని అడిగి, చెయ్యెత్తి, బ్రెడ్డు కొనుక్కున్నాం.

ఆ సాయంత్రమే మోసపోయాం. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన మేము ఇండియా నుంచి వచ్చామని తెలుసుకుని, "ఈ ఒక్కరోజే సహకార సంఘం వాళ్లు సగం ధరకి అమ్ముతున్నారు" అని మెట్లెక్కించి ఒక చీకటి గదిలోకి తీసుకెళ్లాడు. చెక్కపెట్టె, సిగార్లకి పేరున్న కంపెనీ ఉంగరాలు (చుట్టూ అతికించే కాగితపు పట్టీలు), సీళ్లు, అన్నీ ఉన్నాయి. ఐదు సిగార్లు 25 యూరోలు. గదికొచ్చాక బావ ఒకటి వేళ్లతో నొక్కి చూశాడు. ఒకచోట గట్టిగా, ఒకచోట బోలుగా ఉంది. బ్లేడు పెట్టి నిలువునా కోశాడు. లోపలంతా నలిగిన తుక్కు, మధ్యలో ఈనెలు. "ఇది మన బ్యారన్‌లో ఊడ్చి పారేసే సరుకురా" అన్నాడు. బ్యారన్ అంటే ఆకు ఆరబెట్టే కొట్టం. వీధిలో ఎవరు పిలిచినా వెళ్లకండి. ఈ కథ అక్కడ అందరికీ తెలిసిందేనని ఇంటావిడ తర్వాత చెప్పింది.

ఫిబ్రవరి 10, హవానా

ఈసారి సర్కారు వారి సిగార్ దుకాణానికే వెళ్లాం. లోపల ఒక మూల ఒక నల్లజాతి పెద్దావిడ చెక్క పలక ముందు కూర్చుని సిగార్లు చుడుతోంది. కళ్లద్దాలు ముక్కు కొస మీదికి జారి ఉన్నాయి. చేతిలో పిడి లేని కత్తి. దాన్ని చవేతా అంటారు. ఆకుని పలక మీద పరిచి, అరచేత్తో నిమిరి, ఒక్క గీతలో అంచు కోసి, వేళ్లతో దొర్లించుకుంటూ పోతుంది. చివరన నాణెమంత ఆకు బిళ్ల కోసి టోపీలా అతికిస్తుంది. ఒక్కసారి కూడా పలక వంక తేరిపార చూడలేదు.

ఆవిడ ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిందట. అక్కడ చుట్టేవాళ్లు పనిచేస్తుంటే ఒక మనిషి ఎత్తు పీట మీద కూర్చుని పేపరు, ఆ తర్వాత నవలలు చదివి వినిపిస్తాడు. ఈ పద్ధతి హవానాలో 1865లో మొదలైంది. మొదట్లో చదివేవాడికి జీతం కార్మికులే తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్లు. మాంటెక్రిస్టో అన్న సిగార్ పేరు అలా చదివి వినిపించిన నవల నుంచి వచ్చిందే. చదివింది నచ్చితే చప్పట్లు కొట్టరు, చేతిలోని చవేతాలతో పలక మీద కొడతారు. ఆవిడ కొట్టి చూపించింది. ఒక్క చేతి చప్పుడే దుకాణమంతా మోగింది. రెండు వందల మంది ఒక్కసారి కొడితే ఎలా ఉంటుందో!

ఖరీదైనదీ ఖరీదైనదీ కలిస్తే మంచి జోడీ అవుతుందనుకుని, పార్తాగాస్ డి 4 అన్న ఘాటైన సిగార్, దాని పక్కన పదిహేనేళ్ల హవానా క్లబ్ రమ్ము తీసుకున్నాం. సగం సిగార్ కాలేసరికి రమ్ము రుచే తెలియడం మానేసింది. గ్లాసులో వేడినీళ్లు తాగుతున్నట్టుంది. ఆవిడ పని ఆపి మా వంక చూసి తల అడ్డంగా ఊపింది. తనకొచ్చిన ఇంగ్లీషులో, చేతులతో చెప్పింది. పాత రమ్ము ముసలాయన లాంటిదట, నెమ్మదిగా మాట్లాడుతుంది. పక్కన ఎవరైనా గట్టిగా అరుస్తుంటే ఇక ఆ మాట వినబడదు.

మరునాడు మళ్లీ వెళ్లి ఆవిడ చెప్పినట్టే చేశాం. ఓయో దె మోంతెర్రేయ్ ఎపికూర్ 2 అన్న మెత్తటి సిగార్. సైజు నిన్నటిదే, 124 మిల్లీమీటర్లు, కానీ ఘాటు సగం కూడా లేదు. దానికి అదే పదిహేనేళ్ల రమ్ము. ఇప్పుడు రమ్ములోంచి ఎండు ద్రాక్ష, పీపా చెక్క వాసన, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నిన్న మిగిల్చిన పార్తాగాస్‌కి ఏడేళ్లదాన్ని తోడు పెడితే అదీ కుదిరింది. ఏడేళ్ల రమ్ముకి ఇంకా కండ ఉంది, తీపి ఉంది, ఎదురు నిలబడగలదు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవి ఇంకొన్ని. ఐసు వేయకూడదు, నాలుక మొద్దుబారుతుంది. సిగార్ మొదటి మూడో వంతు ఒట్టి మంచినీళ్లతోనే కాల్చాలి, అప్పటికి ఆ ఆకు మనసు తెలుస్తుంది. ఆ తర్వాతే రమ్ము. ముందు ఒక గుటక, అది నోరంతా పాకాక ఒక దమ్ము. పొగ గుండెల్లోకి లాగకూడదు, నోట్లో తిప్పి వదిలేయాలి. సిగార్ కొసని రమ్ములో ముంచేవాళ్లని చూస్తే ఆవిడకి కోపం. రెండూ పాడవుతాయంది.

ఫిబ్రవరి 12, విన్యాలెస్

హవానాకి పడమరగా దాదాపు 180 కిలోమీటర్లు. ఎర్రటి నేల, మధ్యమధ్యలో నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి గుట్టలు. వాటిని మొగోతెలు అంటారు. 1999లో ఈ లోయని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ట్రాక్టర్లు పెద్దగా కనబడలేదు. ఎడ్లతోనే దున్నుతున్నారు. కాడి మెడ మీద కాకుండా కొమ్ములకి కడతారు. బావ ఆగి చాలాసేపు చూశాడు.

మేము ఒక రైతు దగ్గరికి వెళ్లాలి. ఇంటివాళ్లు దారి చెప్పారు. చెరువు దాటాక ఎడమకి అన్నారో కుడికి అన్నారో మర్చిపోయి గంటసేపు ఎర్రమట్టిలో నడిచి వేరే పొలంలో తేలాం. ఎదురుగా తాటాకు పాకలా నేల దాకా దిగిన పెద్ద కప్పు. తలుపులోంచి పచ్చి పొగాకు వాసన. లోపల ఐదుగురు ఆడవాళ్లు బల్ల ముందు నిలబడి సూదీ దారంతో ఆకులు కుడుతున్నారు. జంట జంటగా ఆకులు గుచ్చి పొడుగాటి కర్రకి వేలాడదీస్తున్నారు. నిండిన కర్రలు దూలాల మీద అంతస్తులు అంతస్తులుగా ఉన్నాయి. కింద పచ్చవి, పైన గోధుమరంగువి.

మా అమ్మమ్మ కళ్ల ముందు కదిలింది. ఆకు అల్లే రోజుల్లో ఆవిడ చేతులకి నల్లటి జిగురు పట్టి సబ్బుకి కూడా వదిలేది కాదు, అన్నం కలిపితే చేదు తగులుతుందని స్పూనుతో తినేది. ఇక్కడి ఆడవాళ్ల వేళ్లకీ అదే నలుపు. బావ ఏమీ అడక్కుండా వెళ్లి వాళ్ల పక్కన నిలబడి ఒక సూది తీసుకున్నాడు. మన పద్ధతిలో పురికొసతో అల్లుతాం కదా, వాళ్లది గుచ్చడం. మొదటి రెండు ఆకులు చీలిపోయాయి. ఒకావిడ ఆయన మణికట్టు పట్టుకుని ఈనెలో ఎక్కడ గుచ్చాలో చూపించింది. మూడో జంట సరిగ్గా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పాకలో బావ గంటన్నర ఉన్నాడు, ఒక కర్ర నింపాడు. నేను చూసిన క్యూబాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంటన్నర అదే.

ఆ పొలం రైతుకి యాభై ఏళ్లుంటాయి. ఆయన కొడుక్కి ఇంగ్లీషు వచ్చు. ఆ పాక కొత్తగా కట్టిందట. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను వచ్చి ఈ జిల్లాలో వేల పొగాకు పాకల్ని నేలకూల్చింది. వీళ్లది కూడా పోయింది. మేము 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చెప్పాం. కొడుకు తండ్రికి స్పానిష్‌లో చెబుతుంటే ఆయన మధ్యలోనే అర్థమైనట్టు తల ఊపి లేచి, లోపల్నించి సీసా తెచ్చాడు.

ముందు ఆకుల సంగతి చెప్పాడు. మొక్క అడుగున ఉండేది వొలాదో, బాగా మండుతుంది. నడిమిది సేకో, వాసన దాంట్లో ఉంది. తలదగ్గరిది లిఖేరో. ఎండంతా అదే తాగుతుంది కాబట్టి ఘాటు దానిదే. అది నెమ్మదిగా కాలుతుంది, అందుకని చుట్ట నడి మధ్యలో పెడతారు. ఈ మూడిట్లో ఏది ఎంత వేశామన్నదే సిగార్ బలం. మా తాతయ్య కూడా తలాకు, అడుగాకు వేరుగా కట్టలు కట్టేవాడు. ఈయన ఎండిన ఆకుల మీద తేనె, రమ్ము, నిమ్మరసం కలిపిన నీళ్లు చల్లి నెలల తరబడి మగ్గబెడతాడట. చుట్టే ముందు ఈనె తీసేయడం తప్పనిసరి. పండించిన దాంట్లో పదికి తొమ్మిది వంతులు సర్కారుకి ఇచ్చేయాలి, ఆ మిగిలిన వంతు ఇది అన్నాడు.

మా కళ్ల ముందే ఒకటి చుట్టి, నోట్లో పెట్టుకునే కొసని తేనెలో ముంచి ఇచ్చాడు. సీసాలోది పేరూ వయసూ లేని ముడి రమ్ము. పోసేముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు, దేవుళ్లకట. బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మనవైపు కల్లు తాగేముందు అలాగే సాక పోస్తారు కదా. ఆ రమ్ము గొంతు కోసుకుంటూ దిగింది. కానీ ఆ తేనె కొస, దాని వెనకే తియ్యటి మట్టివాసన పొగ! తాతయ్య బుగ్గన బెల్లం పెట్టుకుని కళ్లు మూసుకునే తీరు అప్పుడు తెలిసింది నాకు.

పది సిగార్లు మొక్కజొన్న డొక్కులో కట్టి ఇచ్చాడు, 30 యూరోలు. బేరం ఆడలేదు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. నల్ల చిక్కుడుగింజలు కలిపి వండిన అన్నం, వెల్లుల్లి పులుసు పోసిన కర్రపెండలం, పంది మాంసం. కారం ఎక్కడా లేదు. వెల్లుల్లి మాత్రం మనకంటే ధారాళంగా వేస్తారు.

ఫిబ్రవరి 14, పినార్ దెల్ రియో

ఇక్కడ ఒక్క పూటే ఉన్నాం. ఈ ఊళ్లో 1892 నుంచి గుయాబీతా అని ఒక సారా చేస్తున్నారు. గోలీకాయంత అడవి జామకాయలు సీసా అడుగున మునిగి ఉంటాయి. తీపిది ఒకటి, తీపి లేనిది ఒకటి. సిగార్‌కి తీపి లేనిదే బావుంది. తీపిది మరీ పాకంలా ఉండి ఆకుని కప్పేసింది. తీపి తోడుండాలి కానీ పెత్తనం చేయకూడదు. బావకి తీపిదే నచ్చింది, ఇప్పటికీ ఒప్పుకోడు.

ఫిబ్రవరి 16, 17, శాంతియాగో

ద్వీపానికి ఆ చివర. హవానా కంటే వేడి, ఎత్తుపల్లాల వీధులు, ఏ కిటికీ దగ్గర నిలబడినా పాట. ఫకుందో బకార్దీ 1862లో రమ్ము మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. ఆ మొదటి షెడ్డు దూలాలకి గబ్బిలాలు వేలాడేవి, సీసా మీద గబ్బిలం గుర్తు అలా వచ్చింది. 1960లో ప్రభుత్వం ఫ్యాక్టరీని జాతీయం చేసింది. కుటుంబం దేశం వదిలిపోయింది. పేరు వాళ్లతో పోయింది, గోదాము ఇక్కడే మిగిలింది. ఇప్పుడు అక్కడ తయారయ్యేది శాంతియాగో దె కూబా రమ్ము.

మాకు లోపలికి వెళ్లే వీలు దొరకలేదు. పక్కనే చిన్న బార్ ఉంది, అక్కడ కూర్చున్నాం. రమ్ము ఎలా అవుతుందో కౌంటర్ దగ్గరి పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. చెరుకు మడ్డిని పులియబెట్టి బట్టీ పెట్టాక వచ్చిన సారాని తెల్ల ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉంచుతారు. తర్వాత వడగట్టి, కలిపి, మళ్లీ పీపాల్లోకి. ఈ వేడికి ఏటా కొంత ఆవిరైపోతుంది. పదకొండేళ్లకి మిగిలేది కొద్దిగానే, అందుకే ఆ ధర. గోదాము పక్కనించే రైలు పట్టాలు పోతాయి. రైలు వెళ్లినప్పుడల్లా పీపాలు ఊగి రమ్ము కదులుతుందని, ఆ రుచి అందువల్లేనని ఊళ్లో అందరూ నమ్ముతారు. ఏ రమ్ము దేంట్లో ఎంత కలపాలో తెలిసినవాళ్లని మాయెస్త్రో అంటారు. పుస్తకంలో రాసి ఉండదు, ఒకరి దగ్గర ఒకరు ఏళ్లకేళ్లు నేర్చుకోవాల్సిందే. 2022లో యునెస్కో ఆ విద్యని కూడా గుర్తించింది.

రాత్రి ఏడున్నరకి కరెంటు పోయింది. ఇంటావిడ ఏమీ కంగారు పడలేదు, రోజూ ఉన్నదే. డాబా మీద రెండు కుర్చీలు వేసి, కొవ్వొత్తి పెట్టి వెళ్లింది. మా దగ్గర శాంతియాగో పదకొండేళ్ల సీసా ఉంది, విన్యాలెస్ రైతు సిగార్లు ఉన్నాయి. ఉంగరం లేని ఆ చుట్టలకి ఇంత మంచి రమ్ము సరిపోతుందా అని బావకి అనుమానం.

కొస కోసి, మంట తగలకుండా అగ్గిపుల్ల వేడికి చుట్టూ తిప్పుతూ అంటించాను. మొదటి మూడో వంతు నీళ్లతోనే. గడ్డివాము వాసన, కొంచెం మిరియం. బూడిద తెల్లగా, గట్టిగా బొటనవేలంత పొడుగు నిలబడింది. ఆకు సరిగా మగ్గిందని దాన్నిబట్టే తెలుస్తుంది అని బావ అన్నాడు. అప్పుడు రమ్ము పోశాం, ముందు నాలుగు చుక్కలు డాబా మీద వదిలి. ఒక గుటక. కాచిన బెల్లం, మాడీ మాడని పాకం, వెనక చెక్క వగరు. దాని మీద ఒక దమ్ము. పొగలోని ఘాటు ఆ పాకం మీద మెత్తగా కూర్చుంది. పొగ వదిలాక నోట్లో మిగిలింది అటు రమ్మూ కాదు, ఇటు ఆకూ కాదు, వేయించిన కోకో గింజ లాంటిది మూడో రుచి.

ఆఖరి మూడో వంతుకి చుట్ట ఘాటెక్కింది. రమ్ము ఇంకా నిలబడే ఉంది, కానీ గుటక పెద్దది కావాల్సి వచ్చింది. అక్కడితో ఆపి, చుట్టని నలపకుండా పళ్లెంలో వదిలేశాం, దానంతటదే ఆరిపోయింది. కింద వీధిలో ఎవరో చీకట్లోనే గిటార్ వాయిస్తున్నారు. బావ చాలాసేపు మాట్లాడలేదు. "మీ తాతకి ఇది పోసి ఉండాల్సిందిరా" అన్నాడు చివరికి.

ఫిబ్రవరి 23, మా లంక

మనిషికి పాతిక సిగార్లు, రెండు లీటర్ల మందు వరకు మన కస్టమ్స్ వాళ్లు ఏమీ అనరు. మాకు అంతకంటే తక్కువే ఉన్నాయి. హైదరాబాద్ గాలికి ఆకు ఎండిపోతుందని మూత గట్టి డబ్బాలో తడి స్పాంజి పెట్టి ఉంచాను.

నిన్న ఊరెళ్లి పెదనాన్నకి ఒక చుట్ట ఇచ్చాను. ఆయనకి 78. వెలిగిస్తారనుకుని అగ్గిపెట్టె తీశాను. ఆయన ఒక పేపరు పరిపించారు. ముందు వాసన చూశారు, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి విన్నారు. తర్వాత గోటితో పై ఆకు అంచు లేపి మెల్లగా విప్పడం మొదలుపెట్టారు. పై ఆకు, దాని కింద కట్టు ఆకు, లోపలి మడతలు, అన్నీ చింపకుండా విప్పి పేపరు మీద వరసగా పరిచారు. నడిమి ముక్క తీసి నాలుకకి ఆనించి, "ఇది తలాకు" అన్నారు. లిఖేరో అదే. "ఈనె శుభ్రంగా తీశాడు. మంచి రైతు."

రమ్ము వద్దన్నారు. పెద్దమ్మని కేకేసి బెల్లం ముక్క తెమ్మన్నారు. విప్పిన ఆకుల్నే తన చేత్తో మళ్లీ చుట్టి, దారం కట్టి, అప్పుడు వెలిగించారు. రెండు దమ్ములయ్యాక, "ఆకు కేజీకి ఏం ధర ఇస్తున్నారంట అక్కడ?" అని అడిగారు.

పదికి తొమ్మిది వంతులు సర్కారుకి ఇవ్వాలన్న సంగతి చెప్పాను. ధర మాత్రం నేను అడగలేదు.